చిన్న మాత్ర... తొందరపడితే దడ!

రాత్రి పదకొండు దాటింది. తెనాలిలో ఓ మేడమీది వాటాలో టీచరమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. గుండె దడదడ కొట్టుకుంటోంది. పరుగెత్తింది లేదు, మెట్లెక్కింది లేదు. పడుకుని ఉంటేనే ఆ దడ! ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా చెమటలు. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే చెయ్యి వణికింది. 'ఏమైంది?' అని ఆయన లేచి అడిగితే, 'ఏం లేదు, మధ్యాహ్నం తిన్నది పడలేదేమో' అంది. అసలు సంగతి ఆవిడకు తెలుసు. నెల రోజులుగా ఒక మాత్రకు బదులు రెండు మింగుతోంది.

అంతకు కొన్నాళ్ల ముందు మొదలైంది కథ. ఊరికే నీరసం. దువ్వెన నిండా జుట్టు. స్టాఫ్‌రూములో అందరూ ఫ్యాను పెంచమంటుంటే తను కొంగు భుజాల చుట్టూ కప్పుకునేది. నలభై రెండేళ్లకే ముసలితనం వచ్చేసిందా అనుకుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 18 అని తేలింది. మామూలుగా నాలుగు, నాలుగున్నర దాటకూడదు. గుంటూరు డాక్టరు 50 మైక్రోగ్రాముల మాత్ర రాశాడు. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. అప్పటికి 18 కాస్తా 11కి దిగింది. డోసు 75 చేసి, ఇంకో ఆరు వారాలు ఆగమన్నాడు.

ఓపిక నశించింది అక్కడే. నిజం చెప్పాలంటే ఎవరికైనా నశిస్తుంది. జ్వరం మాత్ర గంటలో గుణం చూపిస్తుంటే ఇదేమో నెలలు అడుగుతోంది. పైగా తమ్ముడి కూతురి పెళ్లి దగ్గరపడింది. పట్టుచీర మీదికి కుట్టించిన జాకెట్టు చేతుల దగ్గర పట్టడం లేదు. ఇంతలో పక్కింటావిడ, 'నేను 125 వేసుకుంటున్నా వదినగారూ! మీకు 75 ఏం సరిపోతుంది?' అంది. రెండు డెబ్బై అయిదులు నూట యాభై. పాతిక ఎక్కువైతే ఇంకా త్వరగా తగ్గుతుందిగా! లెక్కల టీచరు మరి, ఆమాత్రం కూడిక రాదా?

దడ పుట్టిన మర్నాడు ఈసీజీ తీశారు. నాడి 110. మిగతాదంతా బాగానే ఉంది. టీఎస్‌హెచ్ మాత్రం 0.05కి పడిపోయింది. డాక్టరు చీవాట్లు పెడతాడనుకుంటే, 'క్లాసులో పిల్లలు వినకపోతే మీరేం చేస్తారమ్మా?' అని అడిగాడు.

'గొంతు పెంచుతాం.'

'మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథీ అంతే. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే గొంతు పెంచుతుంది. ఆ గొంతే టీఎస్‌హెచ్. మీరు హార్మోను కుమ్మరించేసరికి అది నోరు మూసుకుంది. ఆ ఎక్కువైందంతా గుండె మీద పడింది.'

అలాగే నెలల తరబడి వాడి ఉంటే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు. పక్కింటావిడ లెక్కా అప్పుడే తేలింది. ఆవిడకు ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. కావాల్సిన హార్మోనంతా మాత్రలోంచే రావాలి. అలాంటివారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది. టీచరమ్మ గ్రంథి ఇంకా కొంత పని చేస్తూనే ఉంది. తక్కువ పడినంత మాత్రమే బయటి నుంచి ఇవ్వాలి.

రెండు రోజులు ఆపి మళ్లీ 75 వేసుకోమన్నాడు డాక్టరు. దడ ఆ పూటకి పోలేదు, రెండు వారాలు పట్టింది. ఒంట్లో చేరిన ఈ హార్మోను సగానికి తగ్గడానికే వారం పడుతుంది మరి. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనేదీ అందుకే. ఈలోపు పరీక్ష చేయించుకోవడమంటే ఉడికీ ఉడకని మెతుకును పట్టి చూడడమే. గుండెజబ్బున్న పెద్దవాళ్లకైతే ఇంకా నిదానం. 12.5 లేదా 25తో మొదలుపెడతారు. గర్భిణులకు మాత్రం అంత తీరిక ఉండదు, హార్మోను అవసరం త్వరగా పెరుగుతుంది కాబట్టి డాక్టర్లు తరచూ పరీక్ష చేయిస్తారు.

1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసంతో ఒకావిడకు వైద్యం చేశాడు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. టీఎస్‌హెచ్ పరీక్షే లేని ఆ రోజుల్లో నాడి పట్టుకుని, ముఖం చూసి డోసు అంచనా వేయడమే.

టీచరమ్మ పెళ్లికి జాకెట్టు కుట్లు విప్పించుకునే వెళ్లింది. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 2.8. హమ్మయ్య అనుకుంది. ఏడాది తిరిగేసరికి అదే 7.4! ఈసారి డోసు తనే పెంచుకోకుండా నేరుగా గుంటూరు వెళ్లింది. చిత్రంగా డాక్టరూ పెంచలేదు. 'మాత్ర ఎలా వేసుకుంటున్నారు?' అని అడిగాడు. మోకాళ్ల నొప్పులకని వాడుతున్న కాల్షియం బిళ్లను కూడా మర్చిపోకుండా ఉంటుందని పొద్దున్నే దాంతోపాటే మింగుతోంది. ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ! కాల్షియం, ఐరన్ మాత్రలు ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట. డోసు అదే 75. మారింది వేళలే. ఎనిమిది వారాలకు 3.1.

ఇప్పుడు అయిదున్నరకు లేవగానే మాత్ర, ఆరున్నరకు కాఫీ. ఆ గంటే కష్టం, డికాషన్ వాసన వంటింట్లోంచి పిలుస్తూనే ఉంటుంది. కాల్షియం రాత్రి భోజనానికి మారింది. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్కలు, గ్యాసు బండ వచ్చిన తేదీ పక్కనే ఎర్ర పెన్నుతో చుట్టిన మరో తేదీ కనిపిస్తుంది. కింద 'రక్తం' అని రాసుంది.