చెవి కొన నెత్తుటి చుక్క

నేను ఇంటర్ చదివే రోజులు. వానాకాలం. మా తండాలో మా బర్రె మేత మానేసింది. రెండు దినాలు ఒళ్లు కాలింది, ఒక దినం చల్లబడింది, మళ్లీ కాలింది. ఐదో రోజు పొద్దున గుంజ చుట్టూ ఒకే వైపు తిరగసాగింది. తర్వాత గోడకు తల ఆనించి నిలబడిపోయింది.

"గాలి సోకింది" అన్నారు పెద్దలు. బాపు కోడిని కోశాడు. ఊళ్లో సూదులు వేసే అతను జ్వరం సూది వేసిపోయాడు. పొద్దు గూకేసరికి బర్రె కాళ్లు కొట్టుకుంటూ చచ్చిపోయింది. నా చదువు ఖర్చంతా ఆ పాల మీదే. యాడి మూడు రోజులు కొట్టం వైపు చూడలేదు.

పది రోజులకు దాని పడ్డకూ జ్వరం వచ్చింది. ఈసారి నేను సైకిల్ మీద పోయి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ముందు యాడిని అడిగింది, చచ్చిన బర్రెకు ఏమైందని. యాడి దినాలు లెక్కపెట్టి చెప్పింది. డాక్టరమ్మ థర్మామీటర్ పెట్టి చూసింది. చెవి కొన తుడిచి, సూదితో గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు గాజుపలక మీద పలుచగా పరిచింది.

"జ్వరం మీదున్నప్పుడే, మందు పడకముందే తీయాలి తమ్ముడూ. అప్పుడే దొరుకుతుంది" అంది.

దవాఖానలో ఆ పలకకు జీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో నాకు చూపించింది. గుండ్రటి ఎర్ర కణాల మధ్య సన్నగా, వంకర తిరిగిన ఊదారంగు జీవులు. ట్రిపనోసోమా ఎవాన్సీ. జబ్బు పేరు సర్రా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల నెత్తుట్లో దీన్ని కనిపెట్టాడు. దీన్ని మోసుకొచ్చేది గాలి కాదు, నెత్తురు తాగే జోరీగ.

పడ్డ బతికింది.

ఇప్పుడు నేను పశువుల దవాఖానలో సహాయకుడిని. గోమార్ల వల్ల వచ్చే థైలీరియా, బబీసియా కూడా జ్వరంతోనే మొదలవుతాయి. బబీసియాలో మూత్రం కాఫీ రంగులో రావచ్చు. పైచూపుకు ఒకటిని ఇంకొకటి అనుకుంటాం, మందులేమో వేరు. ఒకసారి పలక మీద ఏమీ కనబడకపోతే జబ్బు లేదని కాదు. సర్రా జీవులు నెత్తుట్లో ఒకరోజు నిండుగా ఉంటాయి, ఇంకోరోజు కనబడవు. మళ్లీ జ్వరం వచ్చినప్పుడు మళ్లీ తీయాలి.

మా పెద్దలను నేను తప్పుపట్టను. తిరగడం చూసింది వాళ్లే. జ్వరం వచ్చిపోతున్న దినాలు గుర్తుపెట్టుకున్నది చదువురాని మా యాడే. సగం జబ్బు ఆమె చెప్పింది, మిగతా సగం నెత్తుటి చుక్క చెప్పింది. రెండోది మా తండాకు ఒక బర్రె ఆలస్యంగా చేరింది.

ఏటా వానలు పడగానే పాత గాజుపలక ఒకటి జేబులో వేసుకుని తండా బడికి పోతాను. సారు సూక్ష్మదర్శిని బయటికి తీస్తాడు. పిల్లలు వరుసగా కన్ను పెట్టి చూస్తారు.