ఇంజన్ విప్పలేదు సామీ!

ఆత్మకూరులో ట్రాక్టరు షెడ్ల వైపు నడిచినా, ఉదయగిరిలో దుర్గం నీడన ఆటోలు ఆగే చోట నిలబడినా ఒకే మాట చెవిన పడుతుంది: ‘ఇంతవరకు ఇంజన్ విప్పలేదు సామీ!’ మహీంద్రా ఉన్నవాడూ అంటాడు, స్వరాజ్ ఉన్నవాడూ అంటాడు, మాసీ ఉన్నవాడు ఇంకాస్త గొంతు పెంచి అంటాడు. ఆటోల దగ్గర ఇదే పందెం బజాజుకూ ఆపేకూ మధ్య, సరుకు బండ్ల దగ్గర టాటా ఏసుకూ బొలేరో పికప్పుకూ మధ్య సాగుతుంది. ఎవరూ కోపం తెచ్చుకోరు, ఎవరూ ఓడిపోరు, టీ డబ్బులు మాత్రం ఎవరో ఒకరు ఇస్తారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు నేను వచ్చింది ఈ పందెం వినడానికే. అందరూ తమ బండే గట్టిదంటే అందులో నిజం ఎంత? విన్నకొద్దీ నాకు తోచింది ఇది: వాళ్లు కంపెనీల గురించి మాట్లాడుతున్నామనుకుంటున్నారు గానీ, నిజానికి తమ నేల గురించి, తమ మెకానిక్ గురించి, విడిభాగాలు అమ్మే అంగడి తమకు ఎంత దగ్గర అన్నదాని గురించి మాట్లాడుతున్నారు. బండి గట్టిదనంలో కంపెనీ వాటా కొంతే. మిగతాది ఊరి వాటా.

నేలతో మొదలుపెడదాం. ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య దూరం యాభై అరవై కిలోమీటర్లే. ఈ కాస్త దూరంలోనే ట్రాక్టరు బతుకు మారిపోతుంది. ఆత్మకూరు నుంచి పెన్న వైపు దిగితే సోమశిల నీళ్లు అందే వరి పొలాలు. అక్కడ ట్రాక్టరు కేజీవీల్సు తొడుక్కుని మోకాటి లోతు బురదలో దమ్ము చేస్తుంది. బురదలో ముందు దెబ్బతినేవి ఇరుసు సీళ్లు, బేరింగులు, క్లచ్చి. సీలు అరిగి బురదనీరు లోపలికి చేరిందంటే ఏ కంపెనీ బేరింగయినా ఒకటే, అరుస్తుంది. ఉదయగిరి వైపు ఎక్కేకొద్దీ నీళ్లు తగ్గి, వెలిగొండల అడుగున ఎర్రనేల, గులకరాళ్లు, దుమ్ము మొదలవుతాయి. ఇక్కడ ముందు ఊపిరాడనిది ఎయిర్ ఫిల్టరుకు. దాన్ని వారానికోసారి దులిపి, ఆయిలు మార్చే అలవాటున్న రైతు ట్రాక్టరు పదేళ్లు పొగ లేకుండా తిరుగుతుంది. అలవాటు లేనివాడి బండిలో దుమ్ము నేరుగా సిలిండరులోకి వెళ్లి, పిస్టను రింగులను ఉప్పుకాగితంలా గీకేస్తుంది. ఇక పొగాకు కాలంలో మర్రిపాడు మండలం డీసీపల్లి వేలం కేంద్రానికి బేళ్లు మోసే బండ్ల అవస్థ వేరే. వాటికి బరువు పెద్ద సమస్య కాదు, ఊళ్లలోంచి తారు రోడ్డు ఎక్కేదాకా ఉండే గుంతలే కమాను కట్టలకు శత్రువులు. ఇప్పుడు ఆత్మకూరు రైతు ‘ఫలానా కంపెనీ ఇరుసు నాసిరకం’ అన్నాడనుకోండి, ఉదయగిరి రైతు ‘అదేం లేదే, నాది రాయిలా ఉంది’ అన్నాడనుకోండి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఒకే బండి గురించి చెబుతున్నారు. చెప్పకుండా వదిలేసింది ఆ బండి నిలబడిన నేలని.

ఈ పందెం ఇంజన్లతో పుట్టిందీ కాదు. ఎడ్ల కాలంలోనూ ఒంగోలు గిత్త గొప్పదా, మైసూరు ఎద్దు గొప్పదా అన్న వాదం ఈ నేలమీద నడిచింది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ఆ గిత్తలు సముద్రం దాటి బ్రెజిల్ చేరాక అక్కడివాళ్లు ఆ జాతిని ‘నెలోరె’ అన్నారు, నేటికీ ఆ దేశపు మాంసం పరిశ్రమకు అదే ఆధారం. జిల్లా పేరే ప్రపంచంలో ఒక బ్రాండయింది, అదీ లాగుడుకు పేరుపడ్డ జంతువు మాంసానికి పేరుపడటం ద్వారా. పేరు ఒకటే, నేల మారింది, పని మారింది, గొప్పదనానికి అర్థమూ మారింది. వాహనాల ముచ్చట అనగానే నాకు ఉదయగిరిలో ఇంకొకరు గుర్తొస్తారు. పదహారో శతాబ్దంలో విజయనగరంలో గడిపిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నునిజ్. కృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచిన వైనం రాస్తూ అతను గుర్రాల జాతుల్ని పొగడలేదు. మనిషి వెంట మనిషి తప్ప నడవలేని ఇరుకు బాటను రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు చేయించాడని రాశాడు. గుర్రాలు అమ్ముకునేవాడికి కూడా అసలు సంగతి దారిలో ఉందని తెలుసన్నమాట.

నేల తర్వాత మెకానిక్. ఈ పందేనికి తీర్పరి అతనే. షెడ్డు ముందు బల్లమీద కూర్చున్నవాళ్లు ఎంత వాదించినా, చివరికి చేతులకు గ్రీజు పూసుకున్న మనిషి ఏమంటాడోనని అటే చూస్తారు. కానీ ఈ తీర్పరికీ ఒక చిక్కుంది. అతని దగ్గరికి వచ్చేవి చెడిపోయిన బండ్లే, బాగున్నవి రావు. ఊళ్లో వంద ఫలానా ట్రాక్టర్లు, పది వేరే ట్రాక్టర్లు ఉంటే, షెడ్డులో ఆ వందలోవే ఎక్కువ కనబడతాయి. దాన్నిబట్టి ‘అవే ఎక్కువ చెడతాయి’ అంటే లెక్క తప్పు. పైగా మెకానిక్ మెచ్చేది తన చేతికి అలవాటైన ఇంజన్నే. డీజిలు పంపు ఎక్కడుందో, ఏ బోల్టుకు ఏ స్పానరో కళ్లు మూసుకుని చెప్పగలిగిన బండి అతనికి మంచి బండి. అది పక్షపాతమేనని కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆ పక్షపాతం రైతుకూ లాభమే. దమ్ము రోజుల్లో ట్రాక్టరు ఆగితే నష్టం మరమ్మతు ఖర్చులో ఉండదు, ఆగిన రోజుల్లో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఆగినా సాయంత్రానికి లేచి నిలబడే బండి, ఐదేళ్లకోసారి ఆగి చెన్నై నుంచి సామాను వచ్చేదాకా వారం పడుకునే బండి కంటే మెట్ట రైతుకు మేలు. కంపెనీ పుస్తకంలో రెండోది గట్టిది. ఉదయగిరిలో మొదటిదే గట్టిది.

ఇక కంపెనీ పేర్ల మీద అభిమానం ఎంత విచిత్రమో చూడండి. మహీంద్రా, స్వరాజ్ మనుషులు బద్ధవిరోధుల్లా మాటలు విసురుకుంటారు. స్వరాజ్ ట్రాక్టర్లు చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా 2007లోనే కొనేసింది. మాసీ ఫెర్గూసన్‌ను ఇక్కడ తయారుచేసే చెన్నై కంపెనీ టాఫే 2005లో ఐషర్ ట్రాక్టర్లనూ తనలో కలుపుకుంది. అంటే నాలుగు పేర్లు, రెండు ఇళ్లు. ఇంజన్లు వేరే, రంగులు వేరే అన్నది నిజమే గానీ, ఏ జత చూసినా లాభం మాత్రం ఒకే పెట్టెలో పడుతోంది. ఈ సంగతి చెబితే పందెం ఆగుతుందా అంటే ఆగదు. ఆస్ట్రేలియాలో ఫోర్డు, హోల్డెన్ అభిమానుల మధ్య తరాల తరబడి ఇలాంటి పోటీయే ఉండేది. 2016లో ఫోర్డు, 2017లో హోల్డెన్ ఆ దేశంలో కార్ల తయారీ ఆపేశాయి, 2020లో హోల్డెన్ పేరే లేకుండా పోయింది. అభిమానులు మాత్రం అలాగే ఉన్నారు. మన దగ్గర హీరో, హోండా విడిపోయి పదేళ్లు దాటినా పల్లెల్లో బండి పేరు హీరో హోండాయే. ఐదేళ్లు కంతులు కట్టినవాడు తాను పొరపాటు పడ్డానని ఎందుకు ఒప్పుకుంటాడు, చెప్పండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, గట్టిదే. అన్నీ నేల, మెకానిక్ అంటే కంపెనీ పనితనానికి విలువే లేదా? చెత్త బండి చేసినవాణ్నీ మంచి బండి చేసినవాణ్నీ ఒకే గాట కడతారా? కట్టను. 1994లో వచ్చిన స్ప్లెండర్‌ను చూడండి. దాని 97.2 సీసీ ఇంజన్ మూలరూపం ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. అంతకాలం మారకపోవడం వల్ల ఊరూరా మెకానిక్కులకు అది కంఠస్థం అయింది, ప్రతి అంగట్లో దాని క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్లు దొరికాయి, అసలుదీ నకిలీదీ కూడా. కంపెనీ గొప్పదనం ఇంజన్ గట్టిగా చేయడంలో ఎంతుందో, దాన్ని అనవసరంగా మార్చకుండా ఉండటంలోనూ అంతే ఉంది. అంటే ఊరి వాటా పెరగడానికి కంపెనీయే చోటిచ్చింది. ఇంకో రుజువు టీవీఎస్ ఎక్సెల్. గేర్లు లేవు, ఆడంబరం లేదు, పాలక్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు మోస్తూ మెట్ట పల్లెలన్నీ తిరుగుతుంది. టీకొట్టు పందెంలో దాని పేరెత్తేవాడు ఒక్కడూ ఉండడు. గొప్పలు చెప్పుకోవడానికి పనికిరాని బండి కాబట్టి దానికి అభిమానులు లేరు. ఈ పందెంలో గట్టిదనం ఒక్కటే కొలత కాదని, పరువు కూడా తూకంలో పడుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

మరో అభ్యంతరం చదువుకున్నవాళ్లది. టీకొట్టు మాటలెందుకు, పరీక్షలూ లెక్కలూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి శక్తి, లాగుడు, డీజిలు ఖర్చు లెక్కగట్టి చెబుతుంది. కొనేముందు చూడదగ్గ లెక్కే. కానీ ఆ పరీక్ష కొత్త ట్రాక్టరుకు. పన్నెండో ఏట, మూడో యజమాని చేతిలో అది ఎలా ఉంటుందో బుద్నీ చెప్పలేదు. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్లు వాడిన కార్లలో వందకు ఎన్ని ఫిర్యాదులో లెక్కిస్తుంది. వాటిలో ఇప్పుడు పెద్ద వాటా పాటల తెరలదీ ఫోను కలపడానిదీ. మూడేళ్లంటే ఇక్కడ బండికి ఇంకా బారసాల నాడే. నిజమైన లెక్క కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు, ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. డిపో గేటు ముందు నిలబడి, లోపలికి పోతున్న బస్సుల్ని చూస్తుంటే నాకు అనిపించింది, ఈ ప్రాంతంలో బండి గట్టిదనాన్ని న్యాయంగా కొలిచే చోటు ఇదొక్కటేనని. అక్కడ పది వేల కిలోమీటర్లకు ఎన్ని బ్రేక్‌డౌన్లు అని రాస్తారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో డ్రైవరు వారీగా రాస్తారు, టైరు ఎంత దూరం తిరిగిందో రాస్తారు. చెడిన బస్సులతోపాటు చెడకుండా తిరిగిన దూరమూ లెక్కలోకి వస్తుంది. షెడ్డు మెకానిక్‌కు లేనిది ఇదే. రోజుకో తనిఖీ, వారానికో తనిఖీ, కిలోమీటర్ల లెక్కన పెద్ద తనిఖీలు జరుగుతాయి. ఒకే కంపెనీ బస్సు ఇద్దరు డ్రైవర్ల చేతిలో రెండు రకాల మైలేజీ ఇస్తుందన్నది ఆర్టీసీలో అందరికీ తెలిసిన సంగతి. లేలాండా టాటానా అన్న ప్రశ్న కంటే ముందు స్టీరింగు ఎవరిది అన్న ప్రశ్న అక్కడ వస్తుంది.

అయితే సెకండ్ హ్యాండు ధర మాటేమిటి, అది అబద్ధమాడదు కదా అని బ్రోకర్లు అంటారు. నిజమే, డబ్బు పెట్టి చెప్పే మాట కాబట్టి టీకొట్టు మాట కంటే దానికి బరువెక్కువ. కానీ ఆ ధర కూడా జిల్లాకో తీరు, తాలూకాకో తీరు. ఒక ఊళ్లో కళ్లకద్దుకుని కొనే ట్రాక్టరును ఇంకో ఊళ్లో బేరమాడకుండానే వదిలేస్తారు. ఇంజనులో తేడా లేదు గదా, మరి ధరలో ఎందుకొచ్చింది? కొనేవాడు ఇంజనుతోపాటు ఆ ఊరి మెకానిక్‌నూ, విడిభాగాల అంగడినీ కలిపి కొంటున్నాడు.

ఇన్నాళ్లూ ఊరికి ఉన్న ఈ వాటా ఇప్పుడు తగ్గిపోతోంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక చాలా బైకులకు కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది, సెన్సార్లు వచ్చాయి. చెవితో శబ్దం విని జబ్బు చెప్పే మెకానిక్‌కు ఇప్పుడు స్కానరు కావాలి, ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. పొగ తగ్గడం మంచిదే, దుమ్ములో బతికే ఊరికి అది తక్కువ మేలు కాదు. ట్రాక్టర్లలో మాత్రం 2023 జనవరి నుంచి వచ్చిన కొత్త నిబంధన 50 హెచ్‌పీ దాటినవాటికే. దేశంలో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం ఆ లోపువే, కాబట్టి వాటి ఇంజన్లు ఇంకా స్పానరుకు లొంగుతున్నాయి. ట్రాక్టరు షెడ్ల ముందు పందెం ఇంకా జోరుగా ఉండటానికీ, కొత్త బైకుల దగ్గర ‘షోరూముకు తీసుకుపో అబ్బయా’ అన్న మాట ఎక్కువ కావడానికీ ఇదే కారణమనుకుంటాను. షోరూములో పందెం ఉండదు, బిల్లు ఉంటుంది.

మధ్యాహ్నం దాటాక ఉదయగిరి బస్టాండుకు నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. దిగే జనంతోపాటు పార్సిళ్లూ దిగాయి. అట్టపెట్టెలు, గోనెలో చుట్టిన ఇనుము, నూనె మరకల కాగితం చుట్ట. నూనె గుడ్డ భుజాన వేసుకున్న కుర్రాడొకడు రసీదు చూపించి ఆ చుట్ట తీసుకుని, అక్కడే విప్పి ఒకసారి వెలుగుకు పట్టి చూశాడు. క్లచ్ ప్లేటు. ఏ కంపెనీదో నేను నిలబడిన చోటికి కనబడలేదు. అతను దాన్ని మళ్లీ చుట్టి, ఎక్సెల్ ముందు భాగంలో పెట్టుకుని, దుర్గం వైపు రోడ్డు పట్టాడు.