జారాలి, మరీ జారకూడదు
చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై సొంత స్పోర్ట్స్ కారు తోలే కుర్రాడికి ఇంజన్ ఆయిల్ గురించి అన్నీ తెలుసు. గేర్‌బాక్స్ ఆయిల్ విషయంలో మాత్రం ఖరీదైనదే మేలని నమ్మకం. చిక్కంతా అక్కడే. జీఎల్-5 ఆయిల్‌లో గంధకం, భాస్వరం పాళ్లు ఎక్కువ. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లకు అవి రక్ష. కానీ గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను అవే తినేయవచ్చు. ఆయిల్ మరీ జారుడైతే రింగుకు పట్టు దొరకదు. అందుకే చాలా మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు జీఎల్-4 వాడమంటారు. గేర్లు, డిఫరెన్షియల్ ఒకే ఆయిల్‌లో మునిగే పాత పోర్షే 911లలో రెంటికీ నప్పేది వెతకాల్సిందే. మలుపు ముందు మూడో గేరు పడకపోతే ధర చూసి కొన్న డబ్బా ఆదుకోదు. కారుతో వచ్చిన పుస్తకం ముందే చదివి ఉంటే ఆదుకునేది.