ఓరుగల్లు కోటలో ఒకనాడు

మొన్నటి ఆదివారమున హనుమకొండలోని మా అక్కగారింటినుండి పులిహోర మూటకట్టుకొని, పిల్లలతో కూడ ఓరుగల్లు కోటకు పోతిమి. వెలుపల మట్టికోట, దాని లోపల రాతికోట. 1323లో నగరము ఢిల్లీ సేనలకు వశమైనది. కోట నడుమ స్వయంభూదేవుని యాలయము శిథిలమై, చెక్కిన రాళ్లు నేలపై చెదరియున్నవి. చుట్టును నాలుగు తోరణములు మాత్రము నేటికిని నిలిచియున్నవి.

గణపతిదేవుడు కట్టించిన రాతిగోడను ఆయన కుమార్తె రుద్రమదేవి యెత్తు పెంచి, లోపలివైపున మెట్లు కట్టించెనని ప్రసిద్ధి. ఆ మెట్లు ఒక్కచోట గాక, గోడ పొడవునను సాగినవి. శత్రువు ఏ వైపున వచ్చినను సైనికులు తక్షణమే పైకెక్కవచ్చును.

“అమ్మా! ఆమె స్త్రీ కదా. శాసనములలో రుద్రదేవ మహారాజని యేల వ్రాయించిరి?” అని మా అమ్మాయి యడిగెను.

“ఆడుది రాజ్యమేలుట కొందరికి గిట్టలేదమ్మా” అంటిని. ఇంటిభారమంతయు మోయుచు, పేరు మాత్రము వేరొకరికి విడిచిపెట్టు మనకది వింతగాదు.

“పేరేదైననేమి? గోడ ఆమెదేగా!” అని పిల్ల మెట్లెక్కసాగెను. నేనును కుచ్చెళ్లు ఎత్తిపట్టి వెంబడించితిని.

సోదరీమణులారా! ఓరుగల్లు పోయినపుడు తోరణములు చూచి మరలిపోకుడు. ఆ మెట్లెక్కి, పైనుండి ఒకమారు చూడుడు.