శ్రమల దినాల్లో గెట్టు పంచాయితీ

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు పోను 40 దినాలు, ఒంటిపూట తింటున్నా. మొన్న కొడుకు దగ్గరికి రాయదుర్గం పోయిన. నాగోల్‌ల ఎక్కిన మెట్రో ఆఖరికి అక్కడే ఆగుతది. చుట్టూ అద్దాల బిల్డింగులే. చాయ్ బండికాడ ఒక పెద్దాయన, "ఈడ మా జొన్నచేను ఉండె. గెట్టు కోసం మా అన్నతోని పదేండ్లు కొట్లాడిన" అన్నడు. ఆ గెట్టు ఏడుండె అని అడిగిన. అటూ ఇటూ చూసి నవ్విండు. ఆయనకే గుర్తు దొరకలే.

నాకు చాయ్ గొంతు దిగలే (ఇరవై రూపాయల చాయ్, అది వేరే సంగతి). జానెడు గెట్టు కోసం నేను తమ్మునితో మాట్లాడక మూడేండ్లాయె. అన్నం మానుడు అల్కగనే అయ్యింది గానీ ఈ పంతం మానుడే అయితలేదు. మట్టల ఆదివారం లోపల పోదామనుకున్న. నిన్న వాని వాకిలి దాకా పోయి మళ్లొచ్చిన. మరదలు చూసింది.