బాక్సు లేటయిన రోజు

విజయవాడ గాంధీనగరం డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో పాతికేళ్ళు రిప్రజెంటేటివ్‌గా పనిచేసినవాణ్ణి నేను. ప్రింటు బాక్సులు పట్టుకుని విశాఖపట్నం ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కే లేదు. రైలు దారి 350 కిలోమీటర్లు. రాత్రి రైలెక్కితే ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని దాటి తెల్లారేసరికి దిగేవాణ్ణి. మార్నింగ్ షోకి బాక్సు అందలేదన్న మాట నా సర్వీసులో లేదు.

అక్కడి థియేటర్లో ఆపరేటరు నాకు ప్రాణస్నేహితుడు. కాలాన్ని గంటల్లో కాక రీళ్ళలో కొలవడం మా ఇద్దరికీ అలవాటు. వెయ్యి అడుగుల రీలు తెరమీద పదకొండు నిమిషాలు. "బీచికి రెండు రీళ్ళ నడకరా" అనేవాడు.

2018లో ఒకరోజు రాత్రి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "బాబాయ్, రేపు పన్నెండింటికి నాన్నకి గుండె ఆపరేషను. లోపలికి తీసుకెళ్ళేలోగా మిమ్మల్నొకసారి చూడాలంటున్నారు."

రాత్రికి రైలుంది. మావాడు ఎక్కనిచ్చాడు కాదు. "ఈ వయసులో రాత్రంతా రైల్లో ఏం కూర్చుంటావు నాన్నా! గన్నవరం నుంచి విశాఖ ఆకాశంలో తిన్నగా 290 కిలోమీటర్లే. గంటలో దిగుతావు" అన్నాడు. నిజమే. టైంటేబుల్లో గంట. అందులో గాలిలో ఉండేది ముప్పావుగంట. అంటే నాలుగు రీళ్ళు. ఇంటర్వెల్ కూడా పడదు! నేనూ సరేనన్నాను.

తీరా చూస్తే నేరుగా వెళ్ళే విమానంలో సీటు లేదు. హైదరాబాదు మీదుగా దొరికింది. తూర్పుకి పోవలసినవాణ్ణి ముందు పడమటికి పోయానన్నమాట! గన్నవరం నుంచి శంషాబాదు సుమారు 265 కిలోమీటర్లు. శంషాబాదు నుంచి విశాఖ 510. వెరసి 775. తిన్నగా పోయే దూరానికి రెండున్నర రెట్లు పైనే.

పొద్దున్నే అయిదింటికి ఇల్లు కదిలాను. ఊరి నుంచి గన్నవరానికి టాక్సీ, అక్కడ క్యూ, సెన్సారు వారికంటే పట్టుదలగా నా సంచీ సోదా. శంషాబాదులో రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుని గడియారం చూడటమే పని. విశాఖలో దిగి, ఊళ్ళో ట్రాఫిక్ ఈదుకుంటూ ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంటన్నర.

గాలిలో ఉన్నది రెండు గంటలు కూడా లేదు. ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఎనిమిదిన్నర గంటలు. నలభై ఆరు రీళ్ళు. మూడు సినిమాలు!

ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. రైలెక్కి ఉంటే తెల్లారేసరికి వాడి మంచం పక్కన ఉండేవాణ్ణి. ఆ బెంచీ మీద కూర్చున్న నాలుగు గంటలూ ఎలా గడిచాయో నాకు తెలుసు, ఆ భగవంతుడికి తెలుసు.

దేవుడు చల్లగా చూశాడు. మర్నాడు వాడు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టి, నీరసంగా నవ్వి, "ఏరా, బాక్సు లేటయింది" అన్నాడు. నా నోట మాట రాలేదు.

ఇప్పుడు సినిమాకి బాక్సు అక్కర్లేదు. ఏ ఊరికైనా రీలు లేకుండానే వెళ్ళిపోతుంది. మనిషి మాత్రం మోసుకుంటూ వెళ్ళవలసిందే. అందుకే పాఠకులకి నాదొక్కటే మనవి. విమానం ఎంతసేపు ఎగురుతుందని కాదు, అవతలి గుమ్మంలో ఎన్నింటికి ఉంటానని అడగండి.

నేను ఏడాదికి రెండుసార్లు వాణ్ణి చూడటానికి వెళుతున్నాను. రాత్రి రైల్లోనే!