కారు నెత్తిన డేరా

మా అబ్బాయి ఉద్యోగంలో చేరి ఏడాదైంది. మొన్నామధ్య ఓ సాయంత్రం ఫోన్ పట్టుకొచ్చి "అమ్మా, ఇది చూడు" అన్నాడు. కారు పైన డేరా! నిచ్చెనెక్కి అందులో పడుకోవడమేనట. సంక్రాంతి సెలవులకి గండికోట వెళ్ళి, మా ముగ్గురం అందులో పడుకుని, తెల్లారి పెన్నా లోయ చూడాలని వాడి సరదా.

మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "కారు మీద ఏదీ కట్టడానికి వీల్లేదు" అనేశారు. అంతే. వారం రోజులు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "నాన్నకి చెప్పు, నేను తినేశానని." "వాడికి చెప్పు, మోటారు ఆపమని." మధ్యలో నేను.

నేను చదివింది బీఏ తెలుగు. కార్ల గురించి నాకేం తెలుసు? కానీ మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాంతో వచ్చే పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. కారులో కవరు కూడా విప్పని మాన్యువల్ తీశాను. మా కారు పైకప్పు మీద 75 కిలోలు మించకూడదని ఉంది. డేరా బిగించే అడ్డకమ్మీల బరువు కూడా అందులోదే.

వాణ్ణి కూర్చోబెట్టి పచారీ చిట్టా రాసినట్టు రాశాను. డేరా 58. కమ్మీలు 6. దుప్పట్లు, దిండ్లు లోపలే మడిచి ఉంచుతానన్నాడు, అవో 5. మొత్తం 69. "చూశావా, సరిపోయింది!" అన్నాడు. కమ్మీల కాగితం కూడా తెమ్మన్నాను. అవి మోసేది 60 కిలోలే. వాటి మీద పడేది 63. రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క కదా. వాడి మొహం చిన్నబోయింది.

"అది సరే, మీ నాన్నే 78 కిలోలు. ముగ్గురం ఎక్కితే కప్పు కూలదూ?" అన్నాను.

75 అనేది బండి నడిచేటప్పుటి లెక్కట. ఆగి ఉన్నప్పుడు కప్పు అంతకంటే చాలా ఎక్కువే మోస్తుందట. రోడ్డు మీద గతుకులు, బ్రేకులు, మలుపులు వచ్చినప్పుడు అదే బరువు ఇంకా గట్టిగా తోస్తుంది. బరువు పైకి చేరితే బండి ఒరుగుతుంది కూడా. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నెత్తిన బిందెతో నిలబడి ఎంతసేపైనా కబుర్లు చెప్పేది. గట్టు మీద నడవాల్సి వస్తే మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు.

అప్పుడు వాడికి చెప్పాను, ఇన్నేళ్ళూ చెప్పని సంగతి. మా పెళ్ళయిన కొత్తలో ఊరి నుంచి అద్దె జీపులో వస్తున్నాం. పైన బియ్యం బస్తాలు. తాళ్ళు కట్టింది మీ నాన్నే. ఓ మలుపులో తాడు జారి బస్తా రోడ్డు మీద పడి పగిలింది. వెనకాల స్కూటరు మీద భార్యాభర్తలు, మధ్యలో చంటిపాప. అతను ఎలా ఆపాడో ఆపాడు, బస్తాకి రెండు అడుగుల దూరంలో. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బియ్యం ఎత్తడానికి మాత్రం ఈయనకి చేతులు రాలేదు. అలాగే వదిలేసి వచ్చాం.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ చిట్టా తీసుకెళ్ళి వాళ్ళ నాన్న ముందు పెట్టి, "మీరన్నదే నిజం నాన్నా, బరువు ఎక్కువే" అన్నాడు. ఆయన చిట్టా రెండుసార్లు చదివారు. "నేల మీద వేసే డేరా దొరకదట్రా?" అన్నారు.

దొరికింది. డిక్కీలో పట్టింది. నీళ్ళ క్యాన్లు కూడా కిందే పెట్టుకుని గండికోట వెళ్ళొచ్చాం. దారిలో టీ కోసం ఆగిన ప్రతిసారీ మావారు కారు దిగి పైకప్పు వైపు చూశారు. పైన ఏమీ లేదు. అయినా చూశారు. మా అబ్బాయి ఈసారి నవ్వలేదు, ఆయన పక్కనే నిలబడి వాడూ చూశాడు.

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటి సరదా పడితే వద్దనకండి. ముందు ఆ మాన్యువల్ కవరు విప్పండి.